దుమ్ము తిన్న ఊపిరితిత్తులు: పాలమూరు, నల్గొండ వాడల్లో లెక్కకెక్కని క్యాన్సర్

2025 నవంబర్ 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటి మీద చర్చంతా సమ్మె హక్కు, పని గంటలు, ఉద్యోగ భద్రత చుట్టూ తిరిగింది. జరగాల్సిన చర్చే అది. కానీ వృత్తి భద్రత, ఆరోగ్యానికి సంబంధించిన కోడ్‌లో ఒక చిన్న మార్పు పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఆ సంఖ్యలు 20, 40 అయ్యాయి. అంటే పదిహేను మందితో నడిచే కంకర మిషన్, పలుగురాళ్ల పొడి మిల్లు నిన్నటిదాకా ఫ్యాక్టరీ, ఇవాళ కాదు.

పది మంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థకూ కోడ్ వర్తిస్తుందని, ప్రమాదకర పనుల్లో ఒక్కరున్నా వర్తింపజేసే వీలుందని ప్రభుత్వం అంటోంది. కాగితం మీద అది నిజమే. కానీ పాత చట్టం గట్టిగా ఉన్న రోజుల్లోనే క్రషర్ గేటు దాటి లోపలికి వచ్చి కూలీల ఊపిరితిత్తులను పరీక్షించినవాళ్లు ఎంతమంది? ఈ ప్రశ్నను దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం నుంచి, ఊపిరితిత్తుల క్యాన్సర్ వైపు నుంచి చూడాలి. ఎందుకంటే ఈ రోగాన్ని మనకు ఎప్పుడూ సిగరెట్ తాగినవాడు చేసుకున్న కర్మగానే చెప్పారు. ఎవరు ఏ గాలి పీలుస్తారన్నది ఈ దేశంలో కులం తేలుస్తుందని మాత్రం చెప్పలేదు.

సిగరెట్ ఒక్కటే కాదు

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అన్నిటికంటే పెద్ద కారణం పొగాకే. ఇందులో సందేహం లేదు. అయితే పొగాకు అనగానే సిగరెట్ అనుకోవడం పట్నం అలవాటు. 2016-17లో జరిగిన జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమైతే, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. ఆకుతో చుట్టింది కాబట్టి బీడీ అంత చెడ్డది కాదన్న నమ్మకం మన వాడల్లో ఇప్పటికీ ఉంది. అది తప్పు. బీడీ ఊరికే ఆరిపోతుంటుంది కాబట్టి గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. దాంతో తారు, కార్బన్ మోనాక్సైడ్ మరింతగా లోపలికి పోతాయి. చుట్ట సంగతీ అంతే.

పొగాకు తర్వాత వచ్చే కారణాల జాబితా చూస్తే మన ఊళ్ల పనుల జాబితా చూసినట్టే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిని మొదటి వర్గంలో పెడుతుంది. పని చోట పీల్చే స్ఫటిక సిలికా ధూళి 1997లో ఆ వర్గంలోకి చేరింది. డీజిల్ ఇంజన్ పొగ 2012లో, బయటి గాలి కాలుష్యం 2013లో చేరాయి. ఆస్బెస్టాస్, రేడాన్ వాయువు అంతకుముందే ఉన్నాయి. కట్టెల పొయ్యి పొగను 'బహుశా క్యాన్సర్ కారకం' అనే రెండో వర్గంలో పెట్టారు.

కంకర మిషన్ దగ్గర రాయి వేసేవాడు, గుట్టలో డ్రిల్లింగ్ పట్టేవాడు, పలుగురాళ్లు దంచేవాడు సిలికా పీలుస్తాడు. రోడ్డు పనిలో తారు, టిప్పర్ పొగ పీల్చేది కూలీ ఆడమనిషి. మున్సిపాలిటీలో పొద్దున్నే రోడ్డు ఊడ్చేవాళ్లకు దుమ్ము, చెత్త తగలబెట్టిన పొగ రెండూ తప్పవు. గ్యాస్ బండ నింపించుకోలేని ఇంట్లో మళ్లీ కట్టెల పొయ్యే. ఈ పనులన్నిటిలో ఎవరున్నారో ఈ వ్యాసం చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు: మాదిగలు, మాలలు, లంబాడాలు, చెంచులు, రాయి కొట్టడమే కులవృత్తిగా మిగిలిన వడ్డెరలు. కులం శ్రామికులనే విడదీసి నిచ్చెన మెట్ల మీద నిలబెడుతుందని అంబేద్కర్ 1936లోనే విశ్లేషించారు. ఆ నిచ్చెన అడుగు మెట్టు మీద ఉన్నవాడికి కూలి తక్కువ, దుమ్ము ఎక్కువ.

ఎలికట్ట చెప్పిన పాఠం

షాద్‌నగర్ దగ్గర ఎలికట్ట అనే ఊరుంది. ఫరూఖ్‌నగర్ మండలం. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రంగారెడ్డిలో ఉంది. అక్కడ పలుగురాళ్లను పొడి చేసే పనికి పోయిన మనుషులు సిలికోసిస్‌తో వయసులోనే చనిపోయారు. విషయం జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా పోయింది.

పలుగురాయి అంటే దాదాపు పూర్తిగా సిలికానే. దాన్ని పిండిలా కొట్టినప్పుడు లేచే ధూళిలో కంటికి కనిపించేది ప్రమాదం తక్కువ. అది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కనిపించనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. శరీర రక్షణ కణాలు వాటిని మింగి, అరిగించుకోలేక చచ్చిపోతాయి. అక్కడ వాపు వస్తుంది, వాపు మానే చోట మచ్చ కడుతుంది. మెత్తటి స్పంజి లాంటి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. ఏళ్ల తరబడి ఆరని ఆ వాపే కణాల జన్యువులను దెబ్బతీసి క్యాన్సర్‌కు దారి వేస్తుంది. దుమ్ములో పనిచేస్తూ బీడీ కూడా తాగేవాడికి ముప్పు ఇంకా పెరుగుతుంది. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఈ సన్న రేణువులు ఆగవు. ఆగాలంటే రాయిని తడిపి కొట్టాలి, ధూళిని యంత్రంతో లాగేయాలి, సరైన మాస్కు ఇవ్వాలి. ఈ మూడూ యజమాని పెట్టాల్సిన ఖర్చులు. పెట్టకపోతే ఆ ఖర్చు కూలీ ఒంటి మీద పడుతుంది.

ఎలికట్టలో సిలికోసిస్ బయటపడింది ఎందుకంటే ఒకే ఊళ్లో, ఒకే పని చేసిన వాళ్లు, తక్కువ కాలంలో పోయారు. క్యాన్సర్ అలా గుంపుగా కనిపించదు. దుమ్ము పీల్చిన పది, ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత వస్తుంది. అప్పటికి మిల్లు మూతపడి ఉంటుంది, యజమాని మారి ఉంటాడు, కూలీ పేరు రాసిన మస్టర్ ఎక్కడా దొరకదు. నల్గొండ ఫ్లోరైడ్‌తో పోల్చి చూడండి. వంగిన కాళ్లు, గూని నడుములు ఫొటోల్లోకి ఎక్కాయి, అసెంబ్లీలో మాట్లాడించాయి. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని జిల్లా పేరే పెట్టారు. గట్టిపడిన ఊపిరితిత్తిని ఎవరూ ఫొటో తీయలేరు. దాన్ని చూపించాలంటే సీటీ స్కాన్ కావాలి.

మేస్త్రి వెంట పోయినవాళ్లు

పాలమూరు లేబర్ అంటే దేశంలో తెలియని ప్రాజెక్టు లేదు. ముందుగా అప్పు ఇచ్చి, ఆ అప్పు తీరేదాకా పని చేయించుకునే గుంపు మేస్త్రి పద్ధతిలో తరాల పాటు మనవాళ్లు డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు, సొరంగాలు తొలిచారు, ముంబై, పుణె రోడ్లు వేశారు. సొరంగం అంటే గాలి ఆడని చోట రాయిని పేల్చడం, తొలవడం. సిలికా, డీజిల్ పొగ రెండూ అక్కడే ఉంటాయి.

ఇలాంటి కథ అమెరికాలో ఒకటుంది. 1930-31లో వెస్ట్ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్ దగ్గర ఒక జలవిద్యుత్ సొరంగం తవ్వారు. లోపల పనిచేసినవాళ్లలో ఎక్కువ మంది దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లజాతి కూలీలు. కొండ నిండా సిలికా. తడిపి తవ్వితే ఆలస్యమవుతుందని పొడిగానే తవ్వించారు. 1936లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ 476 మంది చనిపోయినట్టు తేల్చింది. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని తర్వాత పరిశోధకులు లెక్కగట్టారు. లెక్క తేలకపోవడానికి కారణం సులువైనదే. జబ్బు పడిన కూలీలు సొంతూళ్లకు తిరిగిపోయారు, అక్కడ వాళ్ల దగ్గును ఈ సొరంగంతో కలిపి చూసినవాళ్లు లేరు. పాలమూరు వలసలోనూ జరిగేది ఇదే. పని ఒక రాష్ట్రంలో, జబ్బు ఇంకో రాష్ట్రంలో, చావు మన వాడలో.

మన దేశంలో దీనికి ఒక జవాబు కూడా ఉంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసీలు గుజరాత్‌లోని గోధ్రా పలుగురాళ్ల మిల్లులకు వలసపోయి సిలికోసిస్‌తో చనిపోయారు. వాళ్ల సంఘాలు ఊరూరూ తిరిగి పేర్లు, ఎక్స్‌రేలు, పనిచేసిన మిల్లుల వివరాలు కూడబెట్టాయి. చివరికి 2016 మేలో చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షలు చెల్లించాలని గుజరాత్ ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు ఆదేశించింది. పని ఏ రాష్ట్రంలో జరిగితే ఆ రాష్ట్రానిదే బాధ్యత అని దాంతో తేలింది. రాజస్థాన్ 2019లో న్యుమోకోనియోసిస్ విధానం తెచ్చి జబ్బు నిర్ధారణ అయినప్పుడు 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు, నెలనెలా పింఛను ప్రకటించింది.

యురేనియం వద్దన్న ఊళ్లు చెప్పింది సైన్సే

ఊపిరితిత్తుల క్యాన్సర్ చరిత్ర గనుల నుంచే మొదలైంది. జర్మనీలోని ష్నీబెర్గ్ గని కార్మికులను చంపుతున్నది ఊపిరితిత్తుల కంతి అని 1879లోనే వైద్యులు గుర్తించారు. దానికి కారణం రేడాన్ అని తర్వాత తెలిసింది. యురేనియం విచ్ఛిన్నమవుతూ పోయే దారిలో పుట్టే వాయువు అది. రంగు, వాసన ఉండవు. పీలిస్తే దాని నుంచి వచ్చే రేణువులు లోపల అంటుకుని కణాలను రేడియేషన్‌తో కొడతాయి. అమెరికాలో యురేనియం గనుల్లో పనిచేసిన నవాహో ఆదివాసీలు ఇలాగే చనిపోయాక, 1990లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక పరిహార చట్టం చేయాల్సి వచ్చింది.

నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వాలని ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ ప్రయత్నించినప్పుడు 2003లో ప్రజాభిప్రాయ సేకరణలో జనం వ్యతిరేకించారు. 2019లో అమ్రాబాద్ చెంచు పెంటల నుంచి లేచిన నల్లమల ఉద్యమం తర్వాత సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఆ రెండుసార్లూ ఆ జనాన్ని అభివృద్ధికి అడ్డుపడేవాళ్లన్నారు. వాళ్లు అడ్డుకున్నది ప్రజారోగ్య శాస్త్రం 19వ శతాబ్దంలోనే గుర్తించిన ప్రమాదాన్ని.

టీబీ అనుకుని పోగొట్టుకునే నెలలు

లక్షణాల విషయానికొద్దాం. మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు, ఎప్పటి దగ్గే అయినా దాని తీరు మారడం, తెమడలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఛాతీలోనో భుజంలోనో నొప్పి, ఆయాసం, గొంతు బొంగురుపోవడం, ఒకే చోట మళ్లీ మళ్లీ న్యుమోనియా రావడం, వేళ్ల చివరలు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగడం, ముఖం, మెడ వాయడం. ఎముకల నొప్పి, విడవని తలనొప్పి, కొత్తగా మూర్ఛ వస్తే జబ్బు పాకిందేమో చూడాలి.

ఈ జాబితాలో సగం టీబీ లక్షణాలే. దేశంలో ఏడాదికి దాదాపు 28 లక్షల మందికి టీబీ వస్తుంది కాబట్టి దగ్గు, రక్తం, బరువు తగ్గడం చూసిన వైద్యుడు ముందు టీబీ అనుకోవడం సహజం. తప్పు ఆ అనుమానంలో లేదు, దాని దగ్గరే ఆగిపోవడంలో ఉంది. తెమడ పరీక్షలో టీబీ క్రిమి కనిపించకపోయినా ఎక్స్‌రేలో నీడ చూసి టీబీ గోలీలు మొదలుపెట్టడం, తగ్గకపోతే ఇంకో కోర్సు పొడిగించడం, ఆ లోపు కంతి ఆపరేషన్‌కు అందనంతగా పెరగడం, ఇదీ వరుస. రాతి పనివాళ్ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ ముప్పు కూడా పెరుగుతుంది. ఒకే మనిషిలో సిలికోసిస్, టీబీ, క్యాన్సర్ మూడూ ఉండొచ్చు. ఒకటి దొరికిందని మిగతా రెండూ లేవనుకోకూడదు.

కాబట్టి మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు. తెమడకు సీబీనాట్ పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితం, అది చేయించకుండా టీబీ అని ఒప్పుకోవద్దు. టీబీ మందు రెండు నెలలు సరిగ్గా వాడినా తగ్గకపోతే సీటీ స్కాన్ అడగాలి. డాక్టర్ అడగకపోయినా గతంలో చేసిన పని చెప్పాలి: ఎన్నేళ్లు క్రషర్‌లో, ఎన్నేళ్లు సొరంగంలో, ఎన్ని బీడీలు. ఆ మాట కేస్ షీట్ మీద రాయించుకోవాలి. రేపు పరిహారానికి అదే మొదటి సాక్ష్యం.

బీడీ మానాలనుకునేవాళ్లకు జాతీయ ఉచిత ఫోన్ సేవ 1800-11-2356 ఉంది. మానితే ఏ వయసులోనైనా ముప్పు తగ్గుతుంది. దుమ్ము గురించి మాట్లాడినంత మాత్రాన బీడీని వదిలేయాలని కాదు. బీడీని అడ్డం పెట్టుకుని యజమాని తప్పించుకోకూడదని మాత్రమే.

వైద్యం ఉంది, దూరంగా ఉంది

నీడ క్యాన్సరేనా అన్నది ముక్క తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. రకాలు ప్రధానంగా రెండు. 85 శాతం దాకా నాన్ స్మాల్ సెల్, మిగతాది వేగంగా పాకే స్మాల్ సెల్. మొదటి దశల్లో దొరికితే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం బాగుంటుంది. మూడో దశలో సాధారణంగా కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. నాలుగో దశలో ప్రాణాన్ని పొడిగించడం, బాధ తగ్గించడం లక్ష్యం. పొగ తాగనివాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎక్కువగా కనిపించే అడినోకార్సినోమా రకంలో ఈజీఎఫ్‌ఆర్ వంటి జన్యు మార్పు ఉందేమో పరీక్షించాలి. ఉంటే రోజూ వేసుకునే గోలీతోనే జబ్బును చాలాకాలం అదుపులో పెట్టొచ్చు. ఇలాంటి మందుల్లో కొత్తదైన ఒసిమెర్టినిబ్ మీద, ఇమ్యునోథెరపీ మందు డుర్వాలుమాబ్ మీద 2024 జులై బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం తీసేశారు. అయినా అవి కూలీ కుటుంబం చేతికందే ధరల్లో లేవు.

గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఏడాది కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లు 81 వేల పైచిలుకు, చనిపోయినవాళ్లు 75 వేలు. ఈ రెండు సంఖ్యలు ఇంత దగ్గరగా ఉన్నాయంటే ఎక్కువ మందికి జబ్బు తెలిసేసరికే ఆలస్యం అయిపోతోందని అర్థం.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మహబూబ్‌నగర్‌లోనే. 2023 డిసెంబర్‌లో తెలంగాణ దాని పరిమితిని 10 లక్షలకు పెంచింది. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్గొండకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇవి చిన్న విషయాలు కావు. కానీ క్యాన్సర్ అనగానే దారి ఇప్పటికీ హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికే పోతుంది. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో రోగితో పాటు ఇంకొకరు రావాలి, ఇద్దరి కూలీ పోవాలి, వారాల తరబడి రేడియేషన్‌కు పట్నంలో తలదాచుకోవాలి. అంతకుముందు ఆర్‌ఎంపీ దగ్గర, ప్రైవేటు ల్యాబుల్లో, బస్సుల్లో పెట్టిన డబ్బు ఏ కార్డులోకీ రాదు. ఆరోగ్యశ్రీ రోగానికి బిల్లు కడుతుంది, రోగం తేలేదాకా పట్టిన కాలానికి కాదు. నయం కాని దశలో ఉన్నవాళ్లకు నొప్పి తగ్గించే మార్ఫిన్, ఆయాసానికి ఉపశమనం హక్కుగా దొరకాలి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది అందుకే. జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ ఎక్కడుందో అడిగి తెలుసుకోవడం కూడా ఉద్యమ పనే.

లెక్కలో లేని కులం, లెక్కలో లేని పని

2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో తెలంగాణ నుంచి జనాభా ఆధారిత లెక్క ఉన్నది హైదరాబాద్ జిల్లాకే. పాలమూరు, నల్గొండ అందులో లేవు. వయసు, ఆడ మగ, క్యాన్సర్ రకం అన్నీ ఉన్న ఆ పట్టికల్లో కులం లేదు. 2025 ఫిబ్రవరిలో వెల్లడైన రాష్ట్ర కులగణన ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేల్చింది. తలలు లెక్కపెట్టగలిగిన ప్రభుత్వం ఆ తలల కింద ఉన్న ఊపిరితిత్తులనూ లెక్కపెట్టగలదు. లెక్క లేకపోతే జరిగేదేమిటో మనకు తెలుసు: ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో సిలికోసిస్‌తో పాటు వృత్తిపరమైన క్యాన్సర్ కూడా తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ఏళ్ల తరబడి ఉండేది. గుర్తించిన వైద్యుడు ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారికి రాసి పంపాల్సి ఉండేది. ఆ రాత ఎన్ని మెట్ట ఊళ్ల నుంచి వెళ్లిందో సమాచార హక్కు దరఖాస్తు వేసి అడగడం విద్యార్థులు రేపే మొదలుపెట్టగల పని.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. రాజస్థాన్ తరహాలో తెలంగాణకు దుమ్ము జబ్బుల విధానం కావాలి. అందులో సిలికోసిస్‌తో పాటు ఊపిరితిత్తుల క్యాన్సర్‌నూ చేర్చాలి, రాష్ట్రం బయట పనిచేసి వచ్చిన వలస కూలీలకూ వర్తించాలి. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధుల్లో ఆరోగ్యం ప్రాధాన్య అంశం. ఆ డబ్బుతో క్రషర్లున్న మండలాల్లో ఎక్స్‌రే బండి తిరగొచ్చు. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద రోగితో పాటు ఉండేవాళ్లకు ప్రయాణ ఖర్చు, పట్నంలో వసతి ఇవ్వొచ్చు. ఇరవై మంది లోపు పనిచేసే రాతి మిల్లులన్నిటినీ కొత్త కోడ్ కింద ప్రమాదకర పనులుగా నోటిఫై చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావాలి.

వీటిలో ఏదీ తనంతట తాను రాదు. గోధ్రా తీర్పు కోర్టులో పుట్టలేదు, ఆదివాసీ సంఘాలు ఇంటింటికీ తిరిగి రాసుకున్న పేర్ల పుస్తకంలో పుట్టింది. మన దగ్గర అలాంటి పుస్తకం ఇంకా మొదలు కావాలి. ప్రతి వాడలో గత పదిహేనేళ్లలో దగ్గుతో, ఆయాసంతో పోయినవాళ్లెవరు, ఏ పని చేశారు, ఎక్కడ, ఎన్నేళ్లు, చివరికి కాగితం మీద ఏ జబ్బు పేరు రాశారు. ఈ ఐదు ప్రశ్నలు పట్టుకుని ఒక మండలం తిరగడానికి నలుగురు విద్యార్థులు, ఒక వేసవి సెలవు చాలు.